జిప్సం మడులు, జిప్సం లేని మడులు: ఏ పరీక్ష సరైనది?

ప్రశ్న: వేరుశనగ దిగుబడిపై జిప్సం ప్రభావం నా ప్రాజెక్టు విషయం. పూతలపట్టు ప్రాంతంలో పది మంది రైతుల పొలాల్లో 40 చదరపు మీటర్ల మడులు రెండేసి తీసుకొని, ఒకదానికి పూత దశలో జిప్సం వేయించి, రెండోదాన్ని వేయకుండా వదిలాను. జిప్సం మడుల సగటు కాయ దిగుబడి 8.6 కిలోలు, ప్రామాణిక విచలనం (దిగుబడులు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) 1.2, వేయని మడుల సగటు 7.7, విచలనం 1.0. టి విలువ (సగటుల తేడాను ఆ తేడాలో ఉండగల పొరపాటుతో భాగిస్తే వచ్చేది) 1.82 వచ్చింది. రెండువైపుల పరీక్షలో (తేడా పెరుగుదలైనా తగ్గుదలైనా లెక్కలోకి తీసుకునేది) 5 శాతం స్థాయికి 2.10 దాటాలి. ఒకవైపు పరీక్షకు (పెరిగిందా అని మాత్రమే చూసేది) మార్చుకుంటే 1.73 దాటితే చాలునని మిత్రులు అంటున్నారు. అలా మార్చవచ్చా? (పట్టిక జత చేశాను.)
– ఒక పీజీ విద్యార్థిని, తిరుపతి

జవాబు: మార్చకూడదు. ఒకవైపు పరీక్ష తప్పేమీ కాదు గాని, దాన్ని ఎంచుకోవలసింది కాయలు తూచకముందు. తూచిన తరువాత, తేడా ఎటు మొగ్గితే అటువైపు పరీక్ష చేస్తే, లేని తేడాను ఉందనే పొరపాటుకు 5 శాతమని రాసుకున్న అవకాశం నిజానికి 10 శాతం అవుతుంది.

అయితే అసలు చిక్కు వేరే చోట ఉంది. మీరు వాడిన సూత్రం రెండు సమూహాలకూ పరస్పర సంబంధం లేదని భావించి చేసేది. మీ మడులు అలాంటివి కావు. ఒకే రైతు పొలంలోని రెండు మడులకూ నేల, నీరు, విత్తనం, విత్తిన రోజు ఒకటే కనుక, ఒకటి బాగా పండిన చోట రెండోదీ బాగానే పండుతుంది. రైతుకూ రైతుకూ మధ్య ఉన్న ఈ హెచ్చుతగ్గులన్నీ మీ లెక్కలో హారంలోకి చేరి, జిప్సం తెచ్చిన తేడాను కప్పేశాయి.

ఇక్కడ చేయవలసింది జత టి పరీక్ష. ఒక్కొక్క రైతు పొలంలో జిప్సం మడి దిగుబడి నుంచి రెండో మడి దిగుబడిని తీసివేసి, ఆ పది తేడాలనే దత్తాంశంగా తీసుకోవాలి. మీ పట్టిక ప్రకారం వాటి సగటు 0.9, విచలనం 1.0. విచలనాన్ని 10 వర్గమూలంతో భాగిస్తే ప్రామాణిక దోషం (సగటులో ఉండగల పొరపాటు) 0.316, టి విలువ 2.85. డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ (లెక్కలో స్వతంత్రంగా మారగల విలువల సంఖ్య) 18 నుంచి 9కి తగ్గి, దాటవలసిన విలువ 2.26కి పెరిగినా, రెండువైపుల పరీక్షలోనే ఫలితం దాన్ని దాటింది. ఫలితం అనుకూలంగా వచ్చింది కనుక ఈ పరీక్షను సూచించడం లేదు. ప్రతికూలంగా వచ్చినా మీ ప్రయోగ రచనకు తగినది ఇదే. గిన్నెస్ బీరు సంస్థలో పనిచేసిన గోసెట్ 1908లో ‘స్టూడెంట్’ అనే మారుపేరుతో ఈ పద్ధతిని ప్రకటించినప్పుడు ఇచ్చిన ఉదాహరణ కూడా జతలదే: పది మంది రోగులకు రెండు మందుల వల్ల అదనంగా పట్టిన నిద్రలోని తేడా.

నివేదికలో టి విలువతో ఆగకండి. తేడాకు 95 శాతం విశ్వాస అంతరం (అసలు తేడా ఉండగల పరిధి) మడికి 0.18 నుంచి 1.62 కిలోలు, అంటే హెక్టారుకు సుమారు 45 నుంచి 400 కిలోలు. కింది అంచు దగ్గర జిప్సం ఖర్చు, బండి కిరాయి తిరిగి వస్తాయో రావో, పై అంచు దగ్గర ఎంత మిగులుతుందో రైతు అడిగేది అదే. మరొక్క మాట: ఏ మడికి జిప్సం వేయాలో చీటీ వేసి తేల్చారా, లేక రైతు చూపిన మడికే వేశారా అన్నది మీ ఉత్తరంలో లేదు. బోరుకు దగ్గరి మడికే ప్రతిచోటా జిప్సం పడి ఉంటే, ఆ 0.9 కిలోల్లో నీటి వాటా ఎంతో ఏ పరీక్షా విడదీయలేదు కనుక, ఆ వివరం తప్పకుండా రాయండి.