ల్యాబ్‌కి వెళ్లబోతున్న మా బుజ్జికి

చి. బుజ్జికి అత్త ఆశీర్వదించి వ్రాయునది.

నీకు ఎం.ఎల్.టి.లో (మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ) సీటు వచ్చిందని మీ నాన్న ఫోన్ చేశాడు. "నీ దారిలోకే వచ్చిందే అక్కా" అన్నాడు. పట్టలేక ఎదురింటివాళ్లకి కూడా చెప్పేశాను. రాత్రి పడుకున్నాక మాత్రం నీ జడ గుర్తొచ్చింది. అంత పొడుగు జడ, పక్కనే వెలుగుతున్న స్పిరిట్ దీపం. ఇంక నిద్రెక్కడిది?

జడ ముడేసుకో. చున్నీ ఏప్రాన్ లోపల పెట్టుకో. కాళ్లకి బూట్లు, చెప్పులు కాదు. ఆసిడ్‌ని నీళ్లలో పోయాలి, నీళ్లని ఆసిడ్‌లో కాదు. ఇవన్నీ మీ మేడమ్ చెబుతారు. స్పిరిట్ దీపం సంగతి మాత్రం నేను చెబుతాను. పట్టపగలు కిటికీ పక్కన దాని మంట కంటికి ఆనదు. ఆరిపోయిందనుకుని స్పిరిట్ పోయబోతారు. మూత పెట్టి ఆర్పు, చల్లారాకే నింపు.

అసలు సంగతి, పిపెట్ (ద్రావణం కొలిచి తీసే గాజు గొట్టం) నోట్లో పెట్టకు. మా రోజుల్లో దానికి తగిలించి పీల్చే రబ్బరు బల్బు మొహం ఎవరూ చూళ్లేదు. కూల్‌డ్రింక్ స్ట్రాలాగా అందరం నోటితోనే పీల్చేవాళ్లం. మా బ్యాచ్‌లో ఒకబ్బాయి ఉండేవాడు, మహా చురుకు. టైట్రేషన్ (ద్రావణం గాఢత కొలిచే ప్రయోగం) అందరికంటే ముందే ముగించి పక్కవాళ్ల రీడింగుల్ని వెక్కిరించేవాడు. ఆ రోజు కాస్టిక్ సోడా తీస్తున్నాడు. పలచనిది కాదు, స్టాకు ద్రావణం. బీకరులో అడుక్కి వచ్చేసింది. వెనక నుంచి ఎవరో పిలిస్తే తల తిప్పాడు కానీ పీల్చడం ఆపలేదు. పిపెట్ మొన ద్రావణంలోంచి పైకి తేలింది. అప్పుడేమవుతుందో తెలుసా? కింద నుంచి గాలి దూరుతుంది, పీల్చే బలం అలాగే ఉంటుంది. గీత దగ్గర ఆగాల్సింది కాస్తా ఒక్క ఉదుటున నోట్లోకి వచ్చేస్తుంది.

మొదట "సబ్బులా జారుతోందిరా" అని నవ్వబోయాడు. ఆ నవ్వు పూర్తి కాలేదు. ఎవరో నిమ్మరసం పట్టండి, విరిగిపోతుందన్నారు. మా అటెండరు అడ్డుపడ్డాడు కాబట్టి సరిపోయింది. ఆసిడ్, క్షారం కలిస్తే వేడి పుడుతుంది, కాలిన చోటే మళ్లీ కాలుతుంది. కుళాయి దగ్గర పుక్కిలింపించి, ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాడు. వాంతి కూడా చేయించకూడదు, దిగిన దారినే మళ్లీ కాల్చుకుంటూ వస్తుంది. బతికాడులే. ఆవకాయ లేనిదే ముద్ద దిగని మనిషి, చాలాకాలం చప్పిడి పెరుగన్నమే తిన్నాడు.

"ఇప్పుడు నోటితో ఎవరు పీలుస్తున్నారే" అని మీ నాన్న నవ్వాడు. వాడికేం తెలుసు? పదిమందికి ఒకటే బల్బు, అదీ పగిలింది, గంటలో వాల్యూ రాయాలన్న టెన్షన్. అప్పుడు చేయి ఊరుకోదు. ఇవాళ అలవాటైతే రేపు ఆసుపత్రిలో అదే నోటికి సీరమ్, అంటే రక్తం గడ్డకట్టాక పైన తేలే ద్రవం, తగులుతుంది. అది కామెర్ల రోగిదో, ఎవరిదో.

మూత్రంలో చక్కెర చూసే బెనెడిక్ట్ టెస్టుకి 5 మి.లీ. రీఏజెంటు (పరీక్ష ద్రావణం), 8 చుక్కల మూత్రం. ముందు రీఏజెంటు ఒక్కదాన్నే మరిగించు, రంగు మారితే అది పాడైందన్నమాట. తర్వాత మూత్రం వేసి మళ్లీ 2 నిమిషాలు. ట్యూబు మూతి ఎవరి ముఖం వైపూ ఉండకూడదు. కదుపుతూ ఉండు, లేకపోతే భగ్గున చిమ్ముతుంది. మూత్రంలో ముంచితే రంగు మారే స్ట్రిప్పులున్న కాలంలో ఇదెందుకత్తా అంటావేమో. స్ట్రిప్పుకి గ్లూకోజు ఒక్కటే తెలుసు. బాలింత మూత్రంలో లాక్టోజు (పాల చక్కెర) పోతుంటే బెనెడిక్ట్ ఆకుపచ్చగా మారుతుంది, స్ట్రిప్పు పలకదు. విటమిన్ సి మాత్రలు ఎక్కువగా మింగినవాళ్లకైతే బెనెడిక్ట్ లేని చక్కెర చూపించొచ్చు, స్ట్రిప్పు ఉన్న చక్కెరని దాచేయొచ్చు. రెండూ చేతితో చేసినదానికే ఆ అనుమానం వస్తుంది.

నాకు ఒళ్లు మండేది ఒక్కదానికే, పక్కదాని రికార్డు చూసి రంగు రాయడం. బెంచి మొత్తం ఇటుక ఎరుపు రాసినా, నీ ట్యూబులో ఆకుపచ్చ వస్తే ఆకుపచ్చే రాయి. మార్కులు పోతే పోనీ, మళ్లీ చేయనివ్వమని అడుగు. చిన్నప్పుడు నా డ్యూటీ అయ్యేదాకా స్టూలు మీద కూర్చుని ట్యూబుల రంగులు వరసగా చెప్పేదానివి, గుర్తుందా? నేను పసుపన్నదాన్ని "కాదత్తా, ఆకుపచ్చ" అని మొండికేసేదానివి. ఆ మొండితనం హాస్టల్‌కి పట్టుకెళ్లు.

దసరా సెలవులకి వచ్చేటప్పుడు రికార్డు తేనక్కర్లేదు, రఫ్ నోట్సు తీసుకురా. కొట్టివేతలతో సహా చూస్తాను. బల్బులు మీ కాలేజీలో చాలకపోతే ముందే చెప్పు, కొని పంపిస్తాను.

ఇట్లు,
మీ అత్త