పాప పేరు ఇంగ్లీషులో ఎలా రాయాలి?

చి. ల. సౌ. సుజాతకు, చిరంజీవి అల్లుడు ఏతాన్‌కు పెద్దమ్మ ఆశీస్సులు.

పుట్టబోయే పాపకు అల్లుడి నాయనమ్మ గారి పేరు 'ఖయా' అని పెట్టాలనుకోవడం చాలా సంతోషం. పోయిన పెద్దల పేరు పసిబిడ్డకు పెట్టుకోవడం అల్లుడి వైపు యూదుల్లో ఆనవాయితీ, మనకూ ఉన్నదే. హీబ్రూలో ఈ పేరు రాయడానికి ఏ ఇబ్బందీ లేదు. హేత్, యోద్, హే, మూడే అక్షరాలు. తంటా అంతా ఇంగ్లీషుతోనే, అదీ మొదటి అక్షరం దగ్గరే.

హేత్ గొంతులోంచి రావాలి. మన 'ఖ' కాదది, హైదరాబాదులో ఉర్దూ తెలిసినవాళ్లు 'ఖబర్' అన్నప్పుడు వినిపించే ఖ. దానికి ఇంగ్లీషులో అక్షరం లేదు. అందుకని కొందరు సి-హెచ్ అని, కొందరు కె-హెచ్ అని, కొందరు ఒట్టి హెచ్ అని రాస్తారు. సి-హెచ్ జర్మన్ రాత. యూరప్ నుంచి వచ్చిన యూదు కుటుంబాలతో అమెరికాకు చేరింది. ఇజ్రాయెల్ తొలి అధ్యక్షుడు ఖయీం వైజ్‌మన్ పేరు అలాగే రాస్తారు. ఇజ్రాయెల్‌లో ఊళ్ల పేర్లు చూడండి, హైఫా, హోలోన్ రెండూ హేత్‌తోనే మొదలవుతాయి, ఇంగ్లీషులో మాత్రం హెచ్. అక్కడి హీబ్రూ భాషా అకాడమీ 2006లో సవరించిన నియమాల్లోనూ హేత్‌కు హెచ్చే. కె-హెచ్‌ని ఖాఫ్ అనే వేరే అక్షరానికి ఇచ్చారు.

నా మాట అడిగితే హెచ్-ఏ-వై-ఏ అని పెట్టండి. సి-హెచ్‌తో రాస్తే న్యూజెర్సీ బడిలో కొత్త టీచరు 'చాయా' అంటుంది. గుంటూరులో మీ అమ్మ 'ఛాయ' అని చదువుతుంది, అది మనకు ముందే ఉన్న పేరు కాబట్టి తప్పు చదివానన్న అనుమానం కూడా రాదు. కె-హెచ్‌తో రాస్తే హీబ్రూ తెలిసినవాళ్లు ఖాఫ్ అనుకునే వీలుంది. హెచ్‌తో రాస్తే ఎంత తెలియనివాళ్లు చదివినా 'హయా' దాకా వస్తారు. అది అసలు పేరుకు దగ్గరే. యెమెన్ నుంచి వచ్చిన యూదులు హేత్‌ని గొంతు లోపలి 'హ'గానే పలుకుతారు కనుక ఆ పలుకును తప్పని ఎవరూ అనలేరు.

ఒక్క సందర్భంలో సి-హెచ్ మేలు. పాపను సంప్రదాయ యూదు బడిలో వేసి, యూదులు ఎక్కువగా ఉండే లేక్‌వుడ్ లాంటి చోట స్థిరపడే ఆలోచన ఉంటే అక్కడ అందరికీ ఆ రాతే అలవాటు. తడుముకోకుండా సరిగ్గా చదువుతారు. అంచేత ముందు తేల్చుకోవలసింది పాప ఎవరి మధ్య పెరుగుతుందన్నది. పెళ్లి పత్రం కెతుబాలోనూ, యూదుల గుడిలో తోరా గ్రంథం దగ్గరకు పిలిచేటప్పుడూ హీబ్రూ పేరే వాడతారు. ఇంగ్లీషు రాత ఆ పేరు తెలియనివాళ్ల కోసం. వాళ్ల నోటికి తగ్గట్టు రాయడమే న్యాయం.

చివర హెచ్ పెట్టాలా అని అడిగావు. పేరు చివర 'హే' ఉంటే ఇంగ్లీషులో హెచ్ చేర్చే అలవాటు ఉంది. సారా, హన్నా, లేయా పేర్ల చివర కనిపించేది అదే. పలుకులో తేడా రాదు కాబట్టి ఇష్టం మీద ఆధారపడిన సంగతి. ఖయాకు అక్కర్లేదు. కానీ నోవా అనే పేరు దగ్గర మాత్రం జాగ్రత్త. హెచ్ లేకుండా రాస్తే బైబిలు సంఖ్యాకాండంలో సెలోపెహాదు అనే ఆయన కూతుళ్లలో ఒకరి పేరు, ఆడపిల్ల పేరు. హెచ్ చేర్చారా, ఓడ కట్టిన నోవహు అయిపోతుంది. హీబ్రూలో ఈ రెండూ వేరు వేరు పేర్లు, అక్షరాలే వేరు.

రెండో పేరుగా త్సిపోరా అనుకుంటున్నారు కదా. ఆ 'త్స' పలకడం మనవాళ్లకు కష్టం కాదు, 'చలి', 'చాప' అనేటప్పుడు వచ్చే చ అదే. ఇంగ్లీషులో టి-జెడ్, టి-ఎస్, ఒట్టి జెడ్ మూడూ ఉన్నాయి. అకాడమీది టి-ఎస్. ఇంగ్లీషు బైబిలు జెడ్ వాడింది, దాంతో అమెరికన్లు 'జిపోరా' అంటారు. టి-జెడ్ రాస్తే ఆ పేరు హీబ్రూదని చూడగానే తెలుస్తుంది. ఇజ్రాయెల్ రాజకీయ నాయకురాలు త్సిపి లివ్ని పేరూ అలాగే రాస్తారు. మధ్య పేరే కనుక టి-జెడ్ పెట్టుకోవచ్చు.

పేరు మధ్యలో కొమ్ములాంటి గుర్తు, అదే అపాస్ట్రఫీ, ఎప్పుడూ పెట్టొద్దు. యాఎల్ లాంటి పేర్లలో హీబ్రూ అక్షరాలైన ఆలెఫ్‌నో అయిన్‌నో చూపించడానికి పెడతారు. పాస్‌పోర్టు అడుగున మెషీన్ చదివే వరుసల్లో పేరుకు ఏ నుంచి జెడ్ దాకా ఉన్న అక్షరాలకే చోటు. అపాస్ట్రఫీ ఎగిరిపోతుంది, హైఫన్ ఉంటే దాని చోట ఖాళీని నింపే గుర్తు వస్తుంది. ఒక కాగితంలో గుర్తుతో, ఇంకోదాంట్లో లేకుండా ఉంటే ప్రతి కౌంటరు దగ్గరా సంజాయిషీ చెప్పుకోవాలి.

ఖాయం చేసేముందు ఈ పని చేయండి. పేరును పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి, హీబ్రూ తెలియని నలుగురైదుగురికి ఏమీ చెప్పకుండా ఇచ్చి చదవమనండి. ఎక్కువమంది ఒకేలా చదివితే, అది మీ చెవికి నచ్చితే, ఆ రాత పనికొస్తుంది. తర్వాత ఫోనులో ఎవరికైనా అక్షరాలు చెప్పి రాయించండి. మీ అమ్మకు మాత్రం ఇంగ్లీషు చూపించొద్దు, తెలుగులో 'ఖయా' అని రాసి పంపు. మన చెవికి ఎలా తగులుతుందో కూడా చూసుకోవాలి. రేపు బాబు పుడితే ఊరీ అనే పేరు వాళ్లకు ముచ్చటైనదే, 'నా వెలుగు' అని అర్థం. ఇంగ్లీషులో యు-ఆర్-ఐ అని రాస్తే మన ఇంట్లో అది 'ఉరి' అవుతుంది. ఆ పేరు వద్దు తల్లీ.

ఇక కాగితాలు. ఆస్పత్రిలో బర్త్ సర్టిఫికెట్ కోసం నింపించే ఫారమే అన్నింటికీ మూలం. సోషల్ సెక్యూరిటీ నంబరుకు కూడా అక్కడే టిక్కు పెట్టవచ్చు. తర్వాత డీఎస్-11 ఫారంతో అమెరికా పాస్‌పోర్టు, దాన్ని బట్టి భారత సంతతివాళ్లకు ఇచ్చే ఓసీఐ కార్డు. అల్లుడు ఇజ్రాయెల్ పౌరుడు కాబట్టి ఆ దేశపు కాన్సులేట్‌లో పాపను నమోదు చేయించాలి. అక్కడి ఫారంలో హీబ్రూ గడి వేరు, ఇంగ్లీషు గడి వేరు. ఇంగ్లీషు గడిలో అమెరికా సర్టిఫికెట్‌లో ఉన్న రాతే, ఒక్క అక్షరం మారకుండా, మీ చేత్తో రాయండి. వాళ్లకే వదిలేస్తే వాళ్ల పద్ధతిలో ఇంకో స్పెల్లింగ్ రావచ్చు. సర్టిఫికెట్‌లో తప్పు పడితే దిద్దించే నియమాలు రాష్ట్రానికో తీరుగా ఉంటాయి, ఆలస్యమైన కొద్దీ కష్టం. హీబ్రూ రాతను అచ్చుల గుర్తులతో సహా అల్లుడి చేత ఒక కాగితం మీద రాయించి, ఆ సర్టిఫికెట్‌తోనే భద్రపరచండి. ఇంగ్లీషు రాతను చూసి అసలు అక్షరం హేత్ అవునో, హే అవునో, ఖాఫ్ అవునో తర్వాత ఎవరూ తేల్చలేరు.

ఆస్పత్రికి వెళ్లే సంచిలో ఇంగ్లీషు పేరు రాసిన చీటీ ఇప్పుడే పెట్టుకో. కాన్పు అలసటలో నోటితో చెప్పకు, చీటీ చూసి రాయించి, సంతకానికి ముందు ఏతాన్ చేత ఒక్కో అక్షరం సరిచూయించు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ