స్కాట్లాండ్ నుంచి కెనడా వెళ్ళిన పూర్వీకుడి సొంత ఊరు, తల్లిదండ్రుల పేర్లు ఎలా తెలుస్తాయి?

ముందు కెనడాలోనే వెతకండి. అక్కడి జనగణనలో పుట్టిన చోటు అంటే చాలాసార్లు ‘స్కాట్లాండ్’ అనే ఉంటుంది. అసలు ఊరి పేరు సమాధి రాయి మీదో, చర్చి పెళ్ళి పుస్తకంలోనో, పత్రికలో వేసిన మరణవార్తలోనో దొరకొచ్చు. పారిష్ (ఒక చర్చి పరిధిలోని ప్రాంతం) తెలియకుండా స్కాట్లాండ్ రికార్డుల్లోకి దిగితే ఒకే పేరున్న డజను మంది జాన్ మెక్‌డొనాల్డ్‌లు ఎదురవుతారు.

తర్వాత స్కాట్లాండ్స్‌పీపుల్ సైట్, అంటే స్కాట్లాండ్ ప్రభుత్వ పాత రికార్డులు దొరికే చోటు. అక్కడ జనన, వివాహ, మరణాల ప్రభుత్వ నమోదు మొదలైంది 1855 జనవరి 1న. మీవాళ్ళు అంతకుముందే ఓడెక్కేశారా? నిరాశపడకండి, అక్కడే ఉండిపోయిన అన్నదమ్ములను, అక్కచెల్లెళ్ళను పట్టుకోండి. 1855 తర్వాత పోయిన వారి మరణ నమోదులో తండ్రి పేరు, తల్లి పుట్టింటి పేరుతో సహా రాసి ఉంటుంది. కాకపోతే ఆ వివరాలు చెప్పినవారు పొరబడి ఉండవచ్చు, మరో రికార్డుతో సరిచూడాలి.

1855కి ముందు బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు రాసిపెట్టిన పాత పారిష్ చర్చి పుస్తకాలే దిక్కు. బాప్తిస్మం కనబడకపోతే వేరే చర్చిల పుస్తకాలూ తిరగేయండి. 1843లో స్కాట్లాండ్ అధికారిక చర్చి చీలాక చాలా కుటుంబాలు దాన్నుంచి విడిపోయిన ఫ్రీ చర్చికి మారాయి. స్కాట్లాండ్ 1841 జనగణనలో పదిహేనేళ్ళు దాటినవారి వయసును సాధారణంగా ఐదు గుణిజానికి తగ్గించి రాశారు. 34 ఏళ్ళ మనిషి 30గా కనిపిస్తే వేరే మనిషి అనుకుని వదిలేయకండి.