జేసీబీ నడిపినవాడికి మంచు తీసే చిన్న లోడరు వెంటనే పట్టుబడుతుందా?

తమ్ముడూ, 2018లో తిత్లీ తుపానుకు సోంపేట వైపు కూలిన కొబ్బరిచెట్లను జేసీబీతో తీశానని, ఇప్పుడు కెనడాలో మంచు తీసే పనికి వెళ్తే మధ్యలో వంగే చిన్న లోడరు ఇస్తామన్నారని, పాత అనుభవం సరిపోతుందా అని అడిగావు. చాలావరకు సరిపోతుంది. బకెట్టు పైకెత్తి బండి తిప్పే అలవాటు ఒక్కటి మాత్రం ఇక్కడే వదిలి వెళ్లు.

జేసీబీ చట్రం వంగదు, ముందు చక్రాలే తిరుగుతాయి. ఈ లోడరులో నడుమ ఉన్న కీలు దగ్గర బండే వంగుతుంది. ముందు చక్రాల జాడలోనే వెనక చక్రాలు వస్తాయి కాబట్టి ఇరుకు కాలిబాటల మీద ఎంతో హాయిగా తిరుగుతుంది. కానీ వంగినప్పుడు వెనక బరువు పక్కకు జరిగి, బకెట్టుకు ఎదురుబరువు తగ్గుతుంది. తిన్నగా ఉన్నప్పుడు మోసినంత బరువు అప్పుడు మోయలేదు. కెనడాలోని ఎడ్మంటన్‌లో నా మొదటి చలికాలం, తడిమంచు నిండిన బకెట్టును పైకెత్తి బండిని పూర్తిగా తిప్పాను. వెనక చక్రం ఒకటి నేల వదిలింది. వెంటనే బకెట్టు దించాను కాబట్టి బండి బోల్తా పడలేదు. ఆ క్షణం ఇప్పటికీ గుర్తొస్తుంది. బకెట్టు మోకాలి ఎత్తు దాటకుండా నడుపు. కుప్ప దగ్గర బండిని తిన్నగా నిలిపాకే పైకెత్తు. సీటు బెల్టు ఎప్పుడూ విప్పకు.

కొత్తగా పడిన మంచు దూదిలా లేస్తుంది. దానిమీద కార్లు తిరిగితే గచ్చులా అంటుకుపోతుంది. అందుకే మేము తెల్లవారుజామున మూడింటికే మొదలుపెట్టేవాళ్లం. మొదటి కుప్పను స్థలం చివరిదాకా నెట్టు. చలికాలమంతా అది అక్కడే ఉంటుంది, తరువాత పడే మంచుకూ చోటు కావాలి. సీజను మొదలవకముందే ఆ స్థలమంతా పగటిపూట నడిచి చూసి, మంచు కప్పేసినా అంచు తెలిసేలా కాలిబాటల వెంట కర్రలు పాతు.

నౌపడ ఉప్పు మడుల పక్కన పెరిగిన నేను, గడ్డకట్టిన మంచుకు ఉప్పు చల్లితే చాలనుకున్నాను. మైనస్ 10 డిగ్రీలు దాటాక చలి పెరిగేకొద్దీ మామూలు ఉప్పు పనిచేయడం మందగిస్తుంది. అప్పుడు ఇసుక చల్లాలి. అది మంచును కరిగించదు, జారకుండా పట్టు ఇస్తుంది.

రాత్రి ఇంజనును వెచ్చగా ఉంచే హీటరు ప్లగ్గును కరెంటుకు పెట్టడం మరవకు. ఉదయం హైడ్రాలిక్ ఆయిల్ చిక్కబడి ఉంటుంది, బండి వేడెక్కేదాకా బరువు ఎత్తకు. చేతి తొడుగులు రెండు జతలు ఉంచుకో, ఒకటి తప్పకుండా తడుస్తుంది.