అనంతపురం నుంచి 200 కిలోమీటర్ల సైకిల్ రైడ్: ట్రైనింగ్ ఎలా, ఏం తినాలి?

మీ ప్రశ్న ఇది: బ్యాంకు ఉద్యోగం, వయసు 36, ఆదివారాలు హైబ్రిడ్ సైకిల్ మీద 40 కిలోమీటర్లు తొక్కుతున్నారు. డిసెంబరులో 200 కిలోమీటర్ల బ్రెవే (ఇచ్చిన టైం లోపల పూర్తి చేయాల్సిన లాంగ్ సైకిల్ రైడ్) చేయాలి, ఇప్పుడు జూలై. ఎలా ప్రాక్టీస్ చేయాలి, ఎనర్జీ జెల్స్ (తొక్కుతూ పిండుకుని తినే తీపి గుజ్జు ప్యాకెట్లు), ప్రోటీన్ పౌడర్ కొనాలా?

నేనూ అనంతపురంవాణ్ణే, కొన్నేళ్లుగా బ్రెవేలు తొక్కుతున్నాను. నా సలహా ఒక్కటే: కాళ్లతో పాటు కడుపుకూ ట్రైనింగ్ ఇవ్వండి. మంచి కాళ్లున్నవాళ్లు కూడా 120, 130 కిలోమీటర్ల దగ్గర రోడ్డు పక్కన కూలబడటం చాలాసార్లు చూశాను. చాలామంది విషయంలో కారణం ఒకటే. పొద్దున్నుంచి సరిగా తినలేదు.

ముందు టైం లెక్క చూడండి. 200కి 13 గంటల 30 నిమిషాలు ఇస్తారు, ఆగిన టైం కూడా అందులోదే. గంటకు 20 కిలోమీటర్ల చొప్పున తొక్కినా పది గంటల్లో అయిపోతుంది, ఇంకా మూడున్నర గంటలు చేతిలో ఉంటాయి. అంటే మీకు కావాల్సింది స్పీడ్ కాదు, పది గంటలు సీటు మీద కూర్చునే ఓపిక. వారంలో రెండు రోజులు ఆఫీసుకు ముందు గంట సేపు, ఆదివారం ఒక లాంగ్ రైడ్ చాలు. పక్కవాడితో ఆయాసం లేకుండా మాట్లాడగలిగే వేగంలోనే తొక్కండి. లాంగ్ రైడ్ వారానికి ఓ ఐదారు కిలోమీటర్లు పెంచుతూ, ప్రతి నాలుగో వారం తగ్గించండి. అలసట తీరేది, బలం చేరేది ఆ తగ్గించిన వారంలోనే.

రూట్ల విషయంలో మన ఊరు నిజంగా అదృష్టం. గుత్తి 52 కిలోమీటర్లు, వెళ్లొస్తే వంద దాటుతుంది. పెనుకొండ సుమారు 70, అటు వెళ్లేటప్పుడు రోడ్డు తెలియకుండానే పైకెక్కుతూ పోతుంది, వచ్చేటప్పుడు కాస్త సులువు. ఈ జూలై, ఆగస్టుల్లో మాత్రం గాలిని చూసి రూటు ఎంచుకోండి. కళ్యాణదుర్గం వైపు గాలిమరలు ఊరికే పెట్టలేదు! తెల్లవారుజామున గాలి తక్కువగా ఉన్నప్పుడే అటు బయల్దేరండి. అలిసిపోయి తిరిగొచ్చేటప్పుడు వెనకగాలి తోస్తుంది. తూర్పుగా తాడిపత్రి వైపు వెళ్తే దీనికి సరిగ్గా తిరగబడుతుంది, ఎండలో ఎదురుగాలితో ఇల్లు చేరాల్సి వస్తుంది.

ఇక తిండి. మన కండరాల్లో, కాలేయంలో కలిపి దాచుకున్న పిండిపదార్థం 400 నుంచి 500 గ్రాములే, అంటే సుమారు రెండు వేల కేలరీలు. 200 కిలోమీటర్లకు దాదాపు దానికి రెట్టింపు ఖర్చవుతుంది. కొంత కొవ్వు నుంచి వస్తుంది, మిగతాది దారిలో తినాల్సిందే. గంటకు 30 నుంచి 60 గ్రాముల కార్బోహైడ్రేట్ పడాలి. ఒక మాదిరి అరటిపండులో 25 గ్రాముల దాకా ఉంటుంది, పాతిక గ్రాముల బెల్లంలో 20కి పైనే. నేను ఫోన్లో అరగంటకోసారి అలారం పెట్టుకుంటాను. మొదటి గంట నుంచే, ఆకలి లేకపోయినా, అది మోగితే నోట్లో ఏదో ఒకటి పడాలి. ఆకలి తెలిసేసరికి ఆలస్యమైపోతుంది, అప్పుడు తిన్నది అందడానికి టైం పడుతుంది.

బెల్లం, అరటిపండు, ఖర్జూరం, చెనిక్కాయ చిక్కీ నా సంచిలో ఎప్పుడూ ఉంటాయి. వట్టి చెనిక్కాయలు బలమే గానీ కొవ్వు ఎక్కువ, తొక్కుతున్నప్పుడు త్వరగా అరగవు. హోటల్లో ఆగితే ఉగ్గాని చాలా మంచిది: బొరుగులు తేలిగ్గా అరుగుతాయి, ఉప్పూ అందుతుంది. పక్కనుండే మిరపకాయ బజ్జీని మాత్రం ఆ ఒక్కరోజు వదిలేయండి. రాగి సంగటి మామూలు రోజుల్లో రాత్రికి బాగుంటుంది. రైడ్ పొద్దున మాత్రం పీచు తక్కువగా ఉండే ఇడ్లీ లాంటివి తినండి.

నీళ్ల దగ్గర చాలామంది పొరపడతారు. ఓఆర్ఎస్ తాగితే తిండి అక్కర్లేదనుకుంటారు. లీటరు ప్యాకెట్లో గ్లూకోజ్ 13.5 గ్రాములే. అది నీళ్లకు, ఉప్పుకు పనికొస్తుంది గానీ శక్తికి చాలదు. ప్యాకెట్ మొత్తాన్ని ముప్పావు లీటరు బాటిల్లో కలపొద్దు, కొలత తప్పుతుంది. అలాగని గంటలకొద్దీ వట్టి నీళ్లే పొట్టనిండా తాగినా రక్తంలో సోడియం పడిపోతుంది, అది ప్రమాదం. దాహాన్ని బట్టి కొద్దికొద్దిగా తాగండి. బీపీకో షుగర్‌కో మందులు వాడుతుంటే ఈ ఉప్పు, బెల్లం సంగతి మీ డాక్టర్‌ను అడిగాకే మొదలుపెట్టండి.

జెల్స్ పనిచేస్తాయి, ఖరీదెక్కువ. పడితే వాడండి, తప్పనిసరేం కాదు. ప్రోటీన్ పౌడర్ మీకిప్పుడు అక్కర్లేదు. ఇంటికొచ్చాక పప్పన్నం, పెరుగు, తింటే రెండు గుడ్లు, మిగతా పూటల్లో పెసలు, అలసందలు సరిపోతాయి.

నవంబరులో ఒకసారి 140, 150 తొక్కండి, పెనుకొండ వెళ్లొస్తే సరిపోతుంది. బ్రెవే రోజు ఏం తినాలనుకుంటున్నారో, ఎన్నింటికి తినాలనుకుంటున్నారో ఈ నవంబరు రైడ్‌లో అచ్చం అలాగే చేయండి. ఏది పడలేదో అప్పుడే తెలిసిపోతుంది. ఆ తర్వాత కొత్తది ఏదీ నోట్లో పెట్టొద్దు. హైవే మీద చీకట్లో బయల్దేరతారు కాబట్టి లైట్లు, రిఫ్లెక్టర్ జాకెట్ ఇప్పుడే కొనండి, పౌడర్ డబ్బులు దానికి పెట్టండి.