ర్యాంకింగులు కాదు, ముందు కాలు చూడండి

"డాలస్ వచ్చి ఏడాదైంది, ఇక్కడి మేజర్ లీగ్ బేస్‌బాల్ టీమ్ రేంజర్స్ ఆటలు చూస్తున్నాను. మేజర్ లీగ్‌కి తయారయ్యే వాళ్ల మైనర్ లీగ్ కుర్రాళ్లను సీజన్ పొడవునా ఫాలో అవ్వాలంటే ఏ ర్యాంకింగులు నమ్మాలి?" అని అడిగారు. ఏవీ నమ్మొద్దు. ఏప్రిల్‌లో రేంజర్స్ కుర్రాళ్లు ఆడే ఫ్రిస్కో రఫ్‌రైడర్స్ టీమ్ టికెట్ కొనుక్కుని, బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేట్ వెనకాల కూర్చోండి. ఒక్క పిచర్‌ని, అంటే బంతి విసిరేవాణ్ని, ఎంచుకోండి. సెప్టెంబరు దాకా అతన్ని వదలకండి. అదీ అందరూ పొగుడుతున్నవాణ్ని కాదు, తంటాలు పడుతున్నవాణ్ని. నాకు ఈ ఆట గురించి తెలిసిందంతా అలాంటి ఒక కుర్రాడి దగ్గర నేర్చుకున్నదే.

అతని పేరు జాక్ లైటర్. క్లబ్బులు వంతులవారీగా కొత్త కుర్రాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 2021లో రెండో పేరు అతనిదే. తండ్రి ఆల్ లైటర్ మేజర్ లీగ్‌లో పందొమ్మిది సీజన్లు ఆడిన పిచర్. వాండర్‌బిల్ట్ యూనివర్సిటీలో ఆడుతున్నవాణ్ని రేంజర్స్ 79 లక్షల డాలర్లు బోనస్ ఇచ్చి తీసుకున్నారు. కింది మెట్లేవీ ఎక్కించకుండా 2022లో నేరుగా ఫ్రిస్కోలో, అంటే మేజర్ లీగ్‌కి రెండు మెట్లు కిందున్న డబుల్-ఎలో దింపారు. ఆర్నెల్లలో పైకి వెళ్లిపోతాడని అందరూ రాశారు. నేనూ అలాగే అనుకుని, వెళ్లిపోయేలోపు నాలుగుసార్లు చూద్దామని టికెట్లు కొన్నాను.

ఆ వేసవిలో అమ్మా నాన్నా తెనాలి నుంచి వచ్చారు. నాన్న జిల్లా పరిషత్ హైస్కూల్లో ముప్పై ఏళ్లు డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. కారు లేనిదే కాలు బయట పెట్టలేని ఊరు ఇది. నెల తిరిగేసరికి ఆయనకి ఇంట్లో ఊపిరాడలేదు. జూలైలో ఒక సాయంత్రం "రండి నాన్నా, ఆట చూద్దాం" అని తీసుకెళ్లాను. ఏడు గంటలైనా ఎండ మొహాన కొడుతోంది, వంద డిగ్రీలు, మన లెక్కలో 38. అమ్మ ప్లాస్టిక్ హెల్మెట్‌లో పోసిచ్చిన నాచోస్ పట్టుకుని నీడ ఉన్న సీటు వెతుక్కుంటోంది. నాన్న మాత్రం నెట్ దగ్గరగా మొదటి వరసల్లో కూర్చుంటానన్నారు.

మా ముందు వరసలో పోలో టీషర్టు వేసుకున్న కుర్రాడొకడు ఒక చేత్తో రాడార్ గన్ పట్టుకుని, తొడ మీద అట్ట పెట్టుకుని బంతి బంతికీ ఏదో రాసుకుంటున్నాడు. వీడెవరని నాన్న అడిగారు. తర్వాత రోజుల్లో బౌలింగ్ వేయాల్సిన పిచర్లు ఇలా వెనకాల కూర్చుని ఇవాళ్టి పిచర్ లెక్కలు రాస్తారని చెప్పాను. నాన్నకి భలే నచ్చింది. "మరి నాకూ ఒక కాగితం ఇవ్వమ్మా" అన్నారు. బ్యాగులో పెన్ను ఉంది, కాగితం లేదు. నాచోస్‌తో వచ్చిన న్యాప్‌కిన్ ఇచ్చాను.

ఆయనకి అప్పటికి బేస్‌బాల్ అంటే ఏమీ తెలియదు. నాలుగు బంతులు స్ట్రైక్ జోన్ (ప్లేట్ మీద బ్యాటర్ కొట్టగలిగే చోటు) బయట పడితే బ్యాటర్ ఊరికే ఫస్ట్ బేస్‌కి నడిచి వెళ్లిపోతాడని, దాన్నే వాక్ అంటారని మాత్రం చెప్పాను. ఆయన బంతిని చూడనే లేదు. లైటర్ కుడిచేతి పిచర్ కదా, విసిరే ముందు ఎడమ కాలు ముందుకొచ్చి నేల మీద పడుతుంది. నాన్న దాన్నొక్కదాన్నే చూస్తూ, పడిన చోటల్లా న్యాప్‌కిన్ మీద ఒక చుక్క పెట్టారు. రెండు ఇన్నింగ్స్ (ఆటకి తొమ్మిది ఉంటాయి) అయ్యాక నాకు చూపించారు. ముగ్గు చుక్కల్లా ఒక వరసలో ఉండాల్సినవి, చెదిరిన పేలాల్లా ఉన్నాయి.

"చెయ్యి బంగారమమ్మా. కాలే కుదురుగా లేదు" అన్నారు. లేచి మెట్ల మీద నిలబడి, వాటర్ బాటిల్‌ని జావెలిన్‌లా పట్టుకుని, ముందు కాలు జానెడు పక్కకి పడితే భుజం ఎలా తెరుచుకుంటుందో, చెయ్యి ఎలా వెనకబడుతుందో చూపించారు. స్కూల్లో జావెలిన్ పిల్లలకి ముప్పై ఏళ్లు ఇదే చెప్పారట. రాడార్ గన్ కుర్రాడు వెనక్కి తిరిగి చూశాడు. నాన్న అన్నది ఇంగ్లిష్‌లో చెప్పాను. అతను మర్యాదగా తలూపి, న్యాప్‌కిన్ చేతిలోకి తీసుకుని కాసేపు చూసి తిరిగిచ్చాడు. ఏమీ అనలేదు. అనకపోవడమే జవాబని నేను ఇప్పటికీ నమ్ముతాను.

ఆ రాత్రి లైటర్ ఐదో ఇన్నింగ్స్ దాకా రాలేదు. బంతులు ఎక్కువైపోయాయని తీసేశారు. అతను పిచర్ నిలబడే మట్టి దిబ్బ దిగి తలొంచుకుని వెళ్తుంటే నాన్న ఒక్కరే చప్పట్లు కొట్టారు. అప్పటికే సగం మంది స్టేడియంలోనే ఉన్న ఈతకొలను, లేజీ రివర్ వైపు వెళ్లిపోయారు.

ఇక్కడ నాకొక బాధ ఉంది, చెప్పేస్తాను. ఫ్రిస్కోలో గుడికెళ్లినా, ఇండియన్ స్టోర్‌కెళ్లినా తెలుగే వినిపిస్తుంది. పక్కనే ఇంత మంచి మైదానం, ఇంత మంచి ఆట. మనవాళ్లు వచ్చేది బాణసంచా ఉన్న రోజున, లేకపోతే పిల్లల్ని ఆ నీళ్లలో దింపడానికి. వాట్సాప్ గ్రూపుల్లో ఐపీఎల్ వేలం మీద రాత్రి రెండింటి దాకా వాదించుకునే వాళ్లు, ఇరవై ఏళ్ల కుర్రాడు ఆటగాడిగా తయారవుతుంటే పది నిమిషాల దూరంలో ఉండి కూడా రారు. "ఓడిపోయే ఆటలు చూడటానికి అంత దూరమా" అని మా బంధువొకాయన అన్నారు. ఆయనకి ఇది అర్థం కాలేదు: మైనర్ లీగ్‌లో గెలుపోటములు అసలు సంగతే కాదు.

మన రంజీతో పోల్చుకుంటేనే పొరపాటు జరుగుతుంది. హైదరాబాదో ఆంధ్రానో రంజీ ఆడితే కప్పు కోసం ఆడుతుంది. ఇక్కడ ఆటగాళ్లూ, కోచ్‌లూ, వాళ్ల జీతాలూ అన్నీ పైనున్న మేజర్ లీగ్ టీమ్‌వే. బాగా వేస్తున్న పిచర్‌ని టీమ్ గెలవబోతుంటే కూడా బంతుల లెక్క చూసి తీసేస్తారు. దంచేస్తున్న బ్యాటర్‌ని సిరీస్ మధ్యలో పై మెట్టుకి పంపేస్తారు. అదే 2022లో ఫ్రిస్కో టెక్సస్ లీగ్ టైటిల్ గెలిచింది. పిచర్ ఖాతాలో రాసే గెలుపోటముల్లో లైటర్‌కి మాత్రం ఆ సీజన్‌లో 3 గెలుపులు, 10 ఓటములు. ఇఆర్ఎ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున ఇచ్చిన పరుగులు, తక్కువైతే మంచిది) 5.54, వాక్‌లు 56. ఇంటర్నెట్ ఆ 5.54ని పట్టుకుని అతన్ని పనికిరాడని తేల్చేసింది. 92 పైచిలుకు ఇన్నింగ్స్‌లోనే 109 మందిని స్ట్రైకౌట్ (మూడు స్ట్రైకులతో అవుట్) చేశాడన్నది ఎవరికీ పట్టలేదు. అతని బంతి బ్యాటర్లకి అందట్లేదు, కానీ అతని అదుపులోనూ ఉండట్లేదు. న్యాప్‌కిన్ మీద ఉన్నది కూడా అదే.

2023 జూలైలో రేంజర్స్ అతన్ని ఆటలు ఆపించి డెవలప్‌మెంట్ లిస్టులో పెట్టారు. బౌలింగ్ తీరు సరిచేయడానికని చెప్పారు. నేను వెంటనే తెనాలికి ఫోన్ చేశాను. నాన్న "ఏడాది ఆలస్యం చేశారు" అన్నారు. 2024 ఏప్రిల్‌లో డెట్రాయిట్‌లో మేజర్ లీగ్ మొదటి ఆట. నాలుగు ఇన్నింగ్స్ కూడా నిండకుండానే 7 పరుగులిచ్చాడు. ఆ రోజు నాకు అన్నం సయించలేదు. 2025లో రేంజర్స్ తరఫున సీజన్ పొడవునా వేసి 10 ఆటలు గెలిచాడు, ఇఆర్ఎ 3.86. ర్యాంకింగులు రాసినవాళ్లు 2022లో రాసింది ఎవరూ ఇప్పుడు గుర్తు చెయ్యరు.

ర్యాంకింగుల మీద నా కోపానికి ఇంకో కారణం ఇవాన్ కార్టర్. 2020లో రేంజర్స్ అతన్ని రెండో రౌండ్‌లో తీసుకున్నప్పుడు, ఆ ఏడాది ఐదు వందల పేర్ల జాబితా వేసిన పత్రికలో అతని పేరే లేదు. టెనెసీలో చిన్న ఊరి కుర్రాడు. 2023లో ఎక్కువ భాగం ఫ్రిస్కోలోనే ఆడాడు. అతన్ని ఒక వారం చూస్తే చాలు, క్రికెట్ తెలిసిన ఎవరికైనా అర్థమైపోతుంది: ఆఫ్ స్టంప్ బయట బంతిని వదిలేసే మంచి ఓపెనర్ లాంటివాడు. జోన్ బయట పడిన బంతికి బ్యాట్ కదలదు. సెప్టెంబరులో పైకి పిలిచారు. రెండు నెలలు తిరక్కుండా రేంజర్స్ వాళ్ల చరిత్రలో మొట్టమొదటి వరల్డ్ సిరీస్, అంటే మేజర్ లీగ్ ఫైనల్, గెలిచారు. ఆ ప్లేఆఫ్స్‌లో కార్టర్ కొట్టిన తొమ్మిది డబుల్స్ (ఒక దెబ్బకి రెండు బేస్‌లు) రికార్డు. ఏప్రిల్‌లో మా ఊళ్లో రెండు వేల మంది ముందు ఆడినవాడు!

జీతాల సంగతి కూడా తెలుసుకోండి, అప్పుడే ఈ కుర్రాళ్లను చూసే చూపు మారుతుంది. లైటర్ లాంటి వాళ్లకి లక్షల బోనస్. పక్క లాకర్ వాడికి పెద్దగా ఏమీ ఉండకపోవచ్చు. 2023లో ఆటగాళ్ల యూనియన్ ఒప్పందం కుదిరేదాకా డబుల్-ఎ ఆటగాడి కనీస జీతం ఏడాదికి 13,800 డాలర్లు. ఆ ఒప్పందంతో 30,250 అయింది. ఇంటి ఖర్చు క్లబ్బులు పెట్టుకోవడం 2022లోనే మొదలైంది. అంతకు ముందు ఒక అపార్ట్‌మెంట్‌లో ఐదారుగురు కింద పరుపులేసుకుని పడుకునేవాళ్లు. కార్పస్ క్రిస్టీ, అమరిల్లో, విచిటా, స్ప్రింగ్‌ఫీల్డ్, అన్నిటికీ బస్సే. ఆదివారం ఆట అయ్యాక బస్సెక్కితే సోమవారం సెలవంతా ప్రయాణం బడలికలోనే పోతుంది. ఈ సంగతి నాన్నకి చెబితే "పాపం, మన జోనల్ గేమ్స్‌కి లారీలో వెళ్లినట్టే" అన్నారు.

మీరు ఎలా మొదలుపెట్టాలో చెప్తాను. సోమవారం సెలవు, మంగళవారం నుంచి ఆదివారం దాకా ఒకే టీమ్‌తో ఆరు ఆటలు. అందుకని ఈ వారం మంగళవారం మొదలుపెట్టిన పిచర్ చాలాసార్లు వచ్చే వారం కూడా మంగళవారమే వస్తాడు. మీవాడి రోజు ఏదో పట్టుకుంటే చాలు. వాళ్లు బయట ఊళ్లో ఉన్న వారం రేడియో వినండి. యావరేజ్ చూడొద్దు. వాక్‌లు ఎన్ని, స్ట్రైకౌట్లు ఎన్ని, వయసెంత, అంతే. పందొమ్మిదేళ్లవాడు డబుల్-ఎలో 250 యావరేజ్ (నాలుగింటికి ఒక హిట్) కొడితే, పాతికేళ్లవాడు 300 కొట్టినదానికంటే నేను దానికే ఎక్కువ విలువిస్తాను.

ఇక కుమార్ రాకర్ గురించి చెప్పకుండా నేను ఆపలేను. లైటర్‌తో కలిసి వాండర్‌బిల్ట్‌లో ఆడినవాడే. అమ్మ పేరు లలిత, ఆమె తల్లిదండ్రులు ఇండియా నుంచి వచ్చినవాళ్లు. తెనాలి వీధిలో నిలబడి "కుమార్" అని పిలిస్తే నలుగురు పలుకుతారు, అలాంటి పేరున్నవాడు రేంజర్స్ చొక్కాలో! 2021లో మెట్స్ టీమ్ అతన్ని డ్రాఫ్ట్ చేసి, చేతి మీద అనుమానంతో సంతకం చేయించుకోకుండా వదిలేసింది. మరుసటి ఏడాది రేంజర్స్ మూడో పేరుగా తీసుకున్నారు. 2023 మేలో మోచేతికి ఆపరేషన్. 2024 వేసవిలో తిరిగొచ్చి ఫ్రిస్కోలో బంతి పట్టాడు. ఆ ఏడాది మైనర్స్‌లో 36 పైచిలుకు ఇన్నింగ్స్‌లో 55 స్ట్రైకౌట్లు, వాక్‌లు ఐదే. అతను వేసిన రోజు నేను ఆఫీసు నుంచి ముందే బయల్దేరాను. స్టేడియంలో చుక్కలు పెడుతూ కూర్చున్నాను. ఈసారి చుక్కలన్నీ ఒక అరచేతిలో పట్టేటట్టు ఉన్నాయి. ఫొటో తీసి నాన్నకి పంపాను.

సెప్టెంబరు 12న సియాటిల్‌లో కుమార్ మొదటి మేజర్ లీగ్ ఆట. మాకు రాత్రి, తెనాలిలో తెల్లారింది. నాన్న కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని వీడియో కాల్‌లో కూర్చున్నారు. నేను ఫోన్‌ని టీవీకి ఎదురుగా నిలబెట్టాను. నాలుగు ఇన్నింగ్స్, ఏడు స్ట్రైకౌట్లు, ఒక్క పరుగు. ప్రతి స్ట్రైకౌట్‌కీ నేను అరుస్తున్నాను, నాన్న మాత్రం "కెమెరా కాస్త కిందకి దించమ్మా, కాలు కనపడట్లేదు" అంటున్నారు.

2025 కుమార్‌కి కలిసిరాలేదు. దెబ్బలు తగిలాయి, మళ్లీ మైనర్స్‌కి పంపారు. అప్పుడు ఇంటర్నెట్ ఏమంటుందో మీకు తెలుసు. మా ఇంట్లో ఆ న్యాప్‌కిన్లన్నీ ఒక పాత స్వీట్ డబ్బాలో ఉన్నాయి, వాటిమీద తారీఖులు నాన్న చేతిరాతలో, ఆయన తెనాలి వెళ్లాక నా చేతిరాతలో. ఏప్రిల్‌లో మొదటి హోమ్ సిరీస్‌కి నేను ప్లేట్ వెనకాలే ఉంటాను. మీరూ రండి. పెన్ను తెచ్చుకోండి, న్యాప్‌కిన్లు అక్కడే ఇస్తారు.