బొట్టుబిళ్ళ కింద తెల్లమచ్చ

ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ ముందేసుకుని కూర్చున్నాను. దాదాపు అందరిదీ ఒకటే ప్రశ్న: "ఏం రాసుకోమంటారు మేడమ్?" గుంటూరు బ్రాడీపేటలో 26 ఏళ్ళు పార్లర్ నడిపాను. ఆ అనుభవంతో నేను ముందు అడిగేది ఇంకొకటి. ఇప్పుడు ఏం రాస్తున్నారు? ఏం అంటిస్తున్నారు? ఏం బిగించి కడుతున్నారు? చాలాసార్లు బాధ మొదలైంది అక్కడే.

ప్రశ్న: నాకు 44 ఏళ్ళు. ఇరవై ఏళ్ళ పైనుంచి స్టిక్కర్ బొట్టే పెట్టుకుంటున్నాను. ఆరు నెలల కిందట ఆ చోట దురద మొదలైంది. ఇప్పుడు బిళ్ళ తీస్తే సరిగ్గా దాని సైజులోనే తెల్లమచ్చ కనిపిస్తోంది. అది కనబడకుండా ఇంకాస్త పెద్ద బిళ్ళ పెట్టుకుంటున్నాను. బొల్లి అంటూ మా అత్తగారు భయపడుతున్నారు. ఇంట్లో పెళ్ళికెదిగిన అమ్మాయి ఉంది.
— ఒక టీచరమ్మ, తణుకు

జవాబు: అమ్మా, ముందు ఆ పెద్ద బిళ్ళ తీసేయండి. ఇది చదువుతూ ఉండగానే తీసేయండి. మచ్చ దాచడానికి మీరు పెడుతున్నదే మచ్చను పెంచుతూ ఉండొచ్చు.

చాలా స్టిక్కర్ల జిగురులో పారా టెర్షియరీ బ్యూటైల్ ఫినాల్ అనే రసాయనం ఉంటుంది. చర్మానికి రంగునిచ్చే కణాలను అది దెబ్బతీస్తుంది. అందరికీ ఇలా కాదు, పడనివాళ్ళకే అవుతుంది. ఏళ్ళ తరబడి ఏమీ కాకుండా ఉండి ఒక్కసారిగా మొదలవచ్చు కూడా. "ఇరవై ఏళ్ళుగా ఇదే పెట్టుకుంటున్నాను కదా" అని మీరు ఇంకో కాగితం మీద రాశారు. అందుకే ఈ మాట చెబుతున్నాను.

నేను దీన్ని మొదటిసారి చూసింది ఐబ్రోస్ చేయించుకోవడానికి వచ్చిన ఒకావిడ నుదుటి మీద. కుర్చీలో వెనక్కి వాలి, "బొట్టు తీయకుండా చెయ్యలేరా?" అని అడిగింది. కుదరదమ్మా అని గోటితో మెల్లగా లేపాను. ట్యూబ్‌లైట్ వెలుగులో అర్ధరూపాయి బిళ్ళంత తెల్లటి గుండ్రం, దాని అంచు చుట్టూ సన్నగా ఎర్రటి గీత, ఆ గీత మీద రెండు మూడు పొట్టులు. ఎదురుగా అద్దం ఉంది. ఆవిడ కళ్ళు మూసుకుంది. ఇంట్లో భర్త ముందు కూడా రెండేళ్ళుగా బిళ్ళ తీయలేదట. రాత్రి దీపం ఆర్పాక తీసి, తెల్లవారకముందే లేచి పెట్టుకునేదట. ఆ రెండేళ్ళూ ఆ మనిషి ఎంత టెన్షన్ పడి ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

మీరు అలా దాచుకోకండి. చర్మ డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఇది జిగురు వల్ల వచ్చిందా, బొల్లేనా అన్నది చూసి చెప్పాల్సింది వాళ్ళే. మచ్చ బొట్టు చోటే ఆగిందా, పెదవుల దగ్గరా వేళ్ళ చివరలా కూడా ఉందా అన్నది మీరూ గమనించండి. కొందరికి జిగురు దగ్గర మొదలై వేరే చోట్లకూ పాకుతుంది, కాబట్టి నెలలు గడపొద్దు. అంటించడం మానేసి మందు వాడితే రంగు తిరిగొచ్చిన వాళ్ళు చాలామంది ఉన్నారు. దానికి నెలలు పడుతుంది, ఓపిక పట్టాలి. ఒకవేళ బొల్లే అని తేలినా అది అంటువ్యాధి కాదు. మీ అమ్మాయి పెళ్ళికీ దానికీ ముడి పెట్టేవాళ్ళ మాట ఇంట్లోకి రానివ్వకండి.

మచ్చ తగ్గేదాకా నుదురు ఖాళీగా వదిలేయండి. ముత్తయిదువ నుదురు బోసిగా ఉండకూడదని అత్తగారు అంటారు, నాకు తెలుసు. పాపిట్లో చిటికెడు కుంకుమ పెట్టుకోండి, ఆవిడ మనసు కుదుటపడుతుంది. డాక్టరు దగ్గరికి ఆవిడను వెంట తీసుకెళ్తే ఇంకా మంచిది. మా అమ్మ మైనం రాసి దాని మీద కుంకుమ అద్దుకునేది. చిన్న రేకు డబ్బాలో ఆ మైనం ఎప్పుడూ ఉండేది. నయమయ్యాక మీరు అలా పెట్టుకోవచ్చేమో డాక్టరును అడగండి. బజారు కుంకుమలో రంగులు కలుస్తాయి కాబట్టి అడగమంటున్నాను. ఇంకో మాట. బీరువా అద్దం అంచున వరసగా అంటించి ఉన్న పాత బిళ్ళలన్నీ ఈరోజే పారేయండి.

ప్రశ్న: నాకు 36 ఏళ్ళు. టిఫిన్ సెంటర్ నడుపుతాను. రెండో కాన్పు తర్వాత బుగ్గల మీద మంగు వచ్చింది. మందుల షాపులో అడిగితే ఒక ట్యూబ్ ఇచ్చారు. నెలకే ముఖం తెల్లగా అయ్యింది, నలుగురూ ఏం రాస్తున్నావని అడిగారు. రెండేళ్ళ నుంచి రాస్తున్నాను. ఇప్పుడు ఎండలోకి వెళ్తే మంట. బుగ్గల మీద దారాల్లాంటి ఎర్రటి నరాలు, గడ్డం మీద వెంట్రుకలు. మానేస్తే రెండ్రోజులకే ముఖం ఎర్రబడి ఉబ్బుతోంది. రాయకుండా ఉండలేకపోతున్నాను.
— ఒక సోదరి, ఖమ్మం

జవాబు: చెల్లీ, ఆ ట్యూబ్ అట్టపెట్టె ఉంటే తీసి చదువు. బీటామెథాసోన్, క్లోబెటసోల్, మొమెటాసోన్, ఫ్లూసినోలోన్ — వీటిలో ఏ పేరున్నా అది స్టెరాయిడ్. నువ్వు రాసిన లక్షణాలన్నీ అటే చూపిస్తున్నాయి. దద్దుర్లకు, ఎగ్జిమా లాంటి కొన్ని చర్మరోగాలకు డాక్టరు కొద్దిరోజులు రాసిచ్చే మందు అది. ముఖానికి రోజూ రాస్తే మొదట తెల్లబడుతుంది, తర్వాత చర్మం పల్చబడి లోపలి సన్నటి నరాలు పైకి కనబడతాయి. మొటిమలు, వెంట్రుకలు వస్తాయి. మానితే మంట, రాస్తే చల్లదనం. అందుకే వదలలేకపోతున్నావు. ఇందులో నీ తప్పేం లేదు. డాక్టరు చీటీ లేకుండా ఇలాంటి పూతమందులు అమ్మకూడదని 2018లోనే కేంద్ర ప్రభుత్వం నియమం పెట్టింది. అయినా అడిగినవాళ్ళకల్లా చేతిలో పెడుతూనే ఉన్నారు.

నా సంగతి ఒకటి చెప్పాలి. పార్లర్ పెట్టిన కొత్తల్లో సామాన్లు సరఫరా చేసే ఒకతను చిన్న తెల్లటి డబ్బాలు తెచ్చి ఇచ్చేవాడు. మూతమీద పేరూ లేదు, లోపల ఏముందో రాసీ లేదు. "పెళ్ళికూతుళ్ళకు ఇవ్వండి మేడమ్, పదిహేను రోజుల్లో తేడా తెలుస్తుంది" అన్నాడు. నిజంగానే తెలిసింది. నేను అమ్మాను. ఒకమ్మాయి పెళ్ళయిన ఎనిమిది నెలలకు వచ్చింది. చున్నీ ముఖానికి చుట్టుకుని వచ్చి, లోపలి గదిలో విప్పింది. బుగ్గలు రెండూ కాల్చిన టమాటాల్లా ఉన్నాయి. ఆ రోజు మిగిలిన డబ్బాలన్నీ మట్టిలో పూడ్చాను. ఆ అమ్మాయిని డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్ళాను, నయం కావడానికి ఏడాది దాటింది. ఇప్పటికీ ఆ పిల్ల ముఖం గుర్తొస్తుంది. పేరూ ఊరూ లేని క్రీముల్లో స్టెరాయిడ్ ఒక్కటే కాదు, కిడ్నీలను పాడుచేసే పాదరసం కూడా ఉండొచ్చని నాకు తర్వాతే తెలిసింది.

నువ్వు సొంతంగా ఒక్కసారిగా మానేసి మంటతో పోరాడొద్దు. చర్మ డాక్టరుకు ట్యూబ్ చూపించి రెండేళ్ళు రాశానని దాచకుండా చెప్పు. మంట అదుపులో ఉండేలా ఎలా మాన్పించాలో వాళ్ళకు తెలుసు. ఈలోగా ముఖానికి ఫేషియల్, బ్లీచ్, నిమ్మరసం, టూత్‌పేస్ట్ ఏవీ వద్దు. వాసన లేని మాయిశ్చరైజర్ ఒక్కటి చాలు.

మంగు మాట. గర్భం, గర్భనిరోధక మాత్రలు, ఎండ దానికి ముఖ్య కారణాలు. పొయ్యి వేడి కూడా పెంచుతుంది. తెల్లవారుజామునుంచి ఇడ్లీ పాత్ర ముందూ పెనం ముందూ నిలబడే నీకు ఇది తగ్గాలంటే ముందు ఆ సెగ తగ్గాలి. నీ సెంటర్‌లో గాలి ఆడేలా ఫ్యాన్ పెట్టుకో, పెనం మీదికి వంగకుండా గరిటె పొడుగుది వాడు. ముఖం మంట తగ్గాక ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్ రెండు వేళ్ళ పొడవున తీసుకుని రాయి, ఎండలో ఉంటే రెండు మూడు గంటలకోసారి మళ్ళీ. చర్మం రంగు కలిపినవి దొరుకుతాయి. ఐరన్ ఆక్సైడ్ ఉన్న ఆ రకం మంగుకు ఎక్కువ పనిచేస్తుంది. మంగు పూర్తిగా పోతుందని నీకు మాటివ్వలేను. పల్చబడుతుంది, ఎండాకాలంలో మళ్ళీ తేలుతుంది. అలా తేలినప్పుడు మళ్ళీ ఆ ట్యూబ్ జోలికి వెళ్ళకు.

ప్రశ్న: మా పాపకు 14 ఏళ్ళు. మెడ వెనక నల్లగా, మందంగా మకిలి పట్టినట్టుంది. రోజూ పీచుతో, సున్నిపిండితో రుద్దుతున్నాను. పోవడం లేదు. స్కూల్లో ఏడిపిస్తున్నారు.
— ఒక తల్లి, నిజామాబాద్

జవాబు: రుద్దడం ఆపేయండి తల్లీ. అది మకిలి కాదు. ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయనప్పుడు మెడ వెనక, చంకల్లో చర్మం ఇలా నల్లగా మఖమల్ గుడ్డలా మందమవుతుంది. బరువు పెరుగుతున్న పిల్లల్లో ఎక్కువగా చూస్తాం. ఎంత రుద్దితే అంత నలుపెక్కుతుంది. పిల్లల డాక్టరుకు చూపించి సుగర్ పరీక్షలు చేయించండి, నెలసరి క్రమంగా వస్తోందో లేదో కూడా చెప్పండి. మధ్యాహ్నం అన్నం కాస్త తగ్గించి పప్పు, కూర పెంచండి. కూల్‌డ్రింకులు, బిస్కెట్లు ఇంట్లోకి తేకండి. పాపతో కలిసి మీరూ నడవండి. ఒంట్లో సంగతి సర్దుకుంటే మెడ కూడా మెల్లగా తేటపడుతుంది. ఇప్పటిదాకా శుభ్రం లేదని పిల్లను తిట్టి ఉంటారు. ఇవాళ దగ్గర కూర్చోబెట్టుకుని "నీ తప్పు కాదమ్మా" అని చెప్పండి. స్కూల్లో ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో అప్పుడు దానికే తెలుస్తుంది.

ప్రశ్న: నాకు 58 ఏళ్ళు. లంగా బొందు గట్టిగా కట్టకపోతే చీర నిలవదు. నడుం చుట్టూ నల్లటి గీత పడి గరుకుగా ఉంది, చెమట పడితే దురద. ఏం రాస్తే పోతుంది?
— ఒక గృహిణి, అనకాపల్లి

జవాబు: సన్న బొందు మార్చండి. దాని చోట రెండంగుళాల వెడల్పు పట్టీ కుట్టించుకోండి, టైలర్‌కు పది నిమిషాల పని. ఇంట్లో ఉన్నప్పుడు వదులుగా కట్టండి, రోజూ ఒకే గీత మీద కాకుండా కాస్త పైకీ కిందికీ మార్చండి. స్నానం తర్వాత ఆ చోట తడి లేకుండా తుడిచి కొబ్బరినూనె రాయండి. దురద గుండ్రంగా పాకుతుంటే అది తామర, డాక్టరు మందు కావాలి. అక్కడ పుండు పడి నెల దాటినా మానకపోతే మాత్రం ఒక్కరోజు కూడా ఆగొద్దు. ఏళ్ళ తరబడి బొందు ఒరుసుకుని మానని పుండు క్యాన్సర్‌గా మారిన ఇద్దరు పెద్దావిడల గురించి మహారాష్ట్ర, బిహార్ డాక్టర్లు 2024లో బీఎంజే కేస్ రిపోర్ట్స్ అనే వైద్యపత్రికలో రాశారు. అది చాలా అరుదు, మీది అదేనని కాదు. కానీ మన ఆడవాళ్ళం నడుం దగ్గర పుండును ఎవరికీ చూపించం, అందుకని చెబుతున్నాను.

ప్రశ్న: పోయినసారి జుట్టుకు రంగు వేసుకుంటే తల దురద పెట్టి మర్నాటికి కనురెప్పలు వాచాయి. వచ్చేనెల మా తమ్ముడి కొడుకు పెళ్ళి. అమోనియా లేని రంగు వేసుకోవచ్చా?
— ఒక పాఠకురాలు, నల్గొండ

జవాబు: వద్దు. రెప్పలు వాచాయంటే అది ఎలర్జీ. చాలావరకు జుట్టు రంగుల్లో ఉండే పీపీడీ అనే రసాయనం వల్ల వస్తుంది. అమోనియా లేదని రాసినా అందులో పీపీడీ ఉండొచ్చు. ఈసారి ఇంకా ఎక్కువగా వాచి ఊపిరి ఆడని పరిస్థితి కూడా రావచ్చు. చేతికి పెట్టే నల్ల మెహందీ కోన్‌లోనూ అదే ఉండొచ్చు, అది కూడా మీకు పనికిరాదు. అసలు గోరింటాకు ఎప్పుడూ నల్లగా పండదు. జుట్టుకు గోరింటాకు చెట్టు ఆకు నూరి పెట్టుకోండి, లేదంటే వేరే ఏమీ కలపని గోరింటాకు పొడి. ఇంకాస్త నలుపు కావాలంటే మర్నాడు నీలి ఆకు పొడి. ఏదైనా ముందు మోచేతి లోపల కాస్త రాసి రెండు రోజులు చూసుకోండి. నా జుట్టుకు పదేళ్ళ నుంచి గోరింటాకే. ఎర్రగానే ఉంటుంది, పెళ్ళిళ్ళకు అలాగే వెళ్తున్నాను.